నడిమి కుర్చీ

ఇళ్ల హక్కుపత్రాల పంపిణీకి వేసిన ఆహ్వాన పత్రిక మూడోసారి అచ్చయి వచ్చిన రోజున కట్ట విప్పింది జూలియానే.

మొదటి అచ్చులో కమిషనర్ మునీంద్ర పేరు పైన, డైరెక్టర్ నేత్రావతి పేరు కింద ఉన్నాయి. బెంగళూరు నుంచి ఫోన్ వచ్చింది. రెండో అచ్చులో పేర్లు తారుమారయ్యాయి. ఈసారి ఫోన్ పక్క గదిలోంచే వచ్చింది. మూడోసారి ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో పక్కపక్కన వేయించారు. కట్ట విప్పి పది నిమిషాలు కాలేదు, ఎడమపక్కన ఎవరి పేరుండాలన్న దాని మీద రెండు ఫోన్లూ మళ్లీ మోగడం మొదలుపెట్టాయి.

"ఇంగ నాలుగోసారి వేయించాల్నేమో జూలియమ్మా," అన్నాడు సూపరింటెండెంట్ ఆంజనప్ప, రిసీవర్‌ను చేత్తో మూసి.

"పేర్లు గుండ్రంగా చుట్టి వేయించండి సార్. యాడ మొదలో యాడ చివరో ఎవురికీ తెలీదు," అంది జూలియా.

ఆంజనప్ప నవ్వలేదు. "అట్ల వేస్తారా ప్రెస్సువాళ్లు?" అని ఆశగా అడిగాడు.

బంగారు గనులు మూతపడిన పదిహేడేళ్లకు, కార్మికులు కాపురముంటున్న, వరసగా కట్టిన పాత లైన్ ఇళ్లను వాళ్ల పేరనే రాసివ్వాలని పైన నిర్ణయమైంది. ఆ పని కోసం గని కాలనీల పునరావాస మండలి అని ఒకటి పుట్టింది. అందులో జూలియా ఫస్ట్ డివిజన్ అసిస్టెంట్, అంటే గుమాస్తా. ఆమె తండ్రి గనిలో డ్రిల్లింగ్ పని చేసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము నింపుకొని యాభై రెండేళ్లకే పోయాడు. ఆమె పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని, తొమ్మిదేళ్లు మారికుప్పం రైల్లో మాలూరుకు వెళ్లివచ్చింది. లైన్ల మనిషి కాబట్టి ఎవరి ఇల్లు ఎవరిదో తెలుస్తుందని మండలిలోకి పిలిపించారు.

ఉద్యోగంలో చేరకముందు ఆమె దృష్టిలో మనుషులు పెద్దవాళ్లు, చిన్నవాళ్లు, అంతే. చేరాక తెలిసింది, ప్రభుత్వంలో నాలుగు గుంపులని. డి వాళ్లు ఫైళ్లు మోస్తారు. సి వాళ్లు రాస్తారు. బి వాళ్లు చూస్తారు. ఎ వాళ్లు సంతకం పెడతారు. అక్కడితో అయిపోదు. ఎ లో రాష్ట్ర సర్వీసు వాళ్లు వేరు, అఖిల భారత సర్వీసు వాళ్లు వేరు. ఆ అఖిల భారత వాళ్లలోనూ జూనియర్ స్కేలు, సీనియర్ స్కేలు, సెలక్షన్ గ్రేడు, ఆ పైన సూపర్‌టైమ్. గ్రేడు ఒకటే అయితే ఏ సంవత్సరం కింద లెక్కకట్టారో చూడాలి. సంవత్సరం కూడా ఒకటే అయితే నేరుగా పరీక్ష రాసి వచ్చారా, కింది నుంచి ప్రమోషన్ మీద ఎక్కారా అని చూడాలి. ఎవరి కుర్చీ వీపు మీద తెల్ల తువ్వాలు పరచాలి, ఎవరి గదిలో తివాచీ ఉండాలి, ఎవరొస్తే గేటు దాకా పరుగెత్తాలి, ఎవరొస్తే మెట్ల దగ్గర నిలబడితే చాలు, ఇవన్నీ జూలియాకు కంఠతా వచ్చు. బైబిలు వాక్యాలు మరిచిపోయిన ఆదివారాలున్నాయి గానీ, సీనియారిటీ పట్టీ మరిచిపోయిన సోమవారం లేదు.

మునీంద్రది, నేత్రావతిది చిక్కు లెక్క. మునీంద్ర ముప్పై రెండేళ్ల కిందట గుమాస్తాగా చేరి, పరీక్ష మీద పరీక్ష రాసి, మెట్టు మెట్టుగా పైకొచ్చాడు. చివరికి ప్రమోషన్ మీద ఐ.ఏ.ఎస్. ఇచ్చి, 2005 సంవత్సరం కింద లెక్కకట్టారు. నేత్రావతి కురుడుమలె దగ్గరి పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, ఇరవై మూడేళ్లకే నేరుగా పరీక్ష గెలిచింది. ఆమెదీ 2005. ఇద్దరిదీ సెలక్షన్ గ్రేడే. సంవత్సరం ఒకటే అయినప్పుడు నేరుగా వచ్చినవాళ్లే పైన అని నియమం. ఆ లెక్కన నేత్రావతి పెద్ద. కానీ మండలికి అధిపతి మునీంద్ర. నేత్రావతి బెంగళూరులో కూర్చుని, ఇళ్ల కొలతలు వేసిన విభాగాన్ని చూసుకునే డైరెక్టర్. ఆ లెక్కన మునీంద్ర పెద్ద. రెండు లెక్కలూ కాగితం మీద సరైనవే. అందుకే ఇద్దరూ ఒక్క అంగుళం కదల్లేదు.

మొదటి విడతగా కోరమండల్ లైన్లలో రెండు వందల పన్నెండు ఇళ్లకు హక్కుపత్రాలు తయారయ్యాయి. వాటిలో ముప్పై ఎనిమిది పేర్లు తప్పు పడ్డాయి. సెల్విన్ సెల్వం అయ్యాడు. ఇసబెల్లాను ఇసా అనీ బెల్లా అనీ విడగొట్టి, ఇంటికి ఇద్దరు హక్కుదారుల్ని చేశారు. గనిలో కర్రల దన్ను కట్టే టింబర్‌మ్యాన్‌గా పనిచేసిన డెబ్బై ఒక్కేళ్ల అమృతరాజు, అమృతవల్లి అయి, 'స్త్రీ' అన్న గడిలో చేరాడు.

జూలియా తప్పుల పట్టిక తయారుచేసి సంతకం కోసం కమిషనర్ బల్ల మీద పెట్టింది. మునీంద్ర దాన్ని పక్కకు నెట్టి, "వేదిక మీద కుర్చీల ప్లాను యాడమ్మా?" అన్నాడు. ఆ వారంలో కుర్చీల ప్లాను మీద ఆరుసార్లు సంతకం చేశాడు. పేర్ల పట్టిక మీద ఒక్కసారి కూడా చేయలేదు. చివరికి ఆంజనప్ప దాన్ని రెండు కుర్చీల ప్లాన్ల మధ్య దూర్చి సంతకం పెట్టించుకొచ్చాడు.

"దొంగతనంగా చేపించినట్ల ఉండాదమ్మా, మనం చేసింది న్యాయమే అయినా," అన్నాడాయన బయటికొచ్చి, చెమట తుడుచుకుంటూ.

అమృతరాజు అంతకుముందే రెండుసార్లు ఆఫీసుకు వచ్చి వెళ్లాడు. ఆయనా జూలియా తండ్రీ ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లు. ఆయన ఇంటి రేకులు తుప్పుపట్టి జల్లెడలయ్యాయి. పత్రం చేతికి రాకుండా ఇంటిని ముట్టుకోకూడదని మండలి నోటీసు అంటించింది. పోయిన వానకాలమంతా మంచాన్ని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు జరుపుకుంటూ గడిపాడు. ఆఫీసు వాకిట్లో నిలబడి, నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ అడిగేవాడు. ఆ వారం మళ్లీ వచ్చాడు.

"వానలకి ముందు ఇస్తారా బిడ్డా?"

"ఈ గురువారమే మామా. నీ పేరు సరిచేసినాను. ఇప్పుడు నువ్వు మొగోడివే."

"నా పెండ్లాం ఉండింటే నవ్వి చచ్చుండును," అని తనే నవ్వబోయి, దగ్గు తెరలో చిక్కుకున్నాడు.

గురువారం వచ్చింది. శివరాత్రి దాటిన వారానికే ఎండ ముదిరింది. కోరమండల్ ఫుట్‌బాల్ గ్రౌండులో వేదిక కట్టారు. వేదిక మీద షామియానా ఉంది. కార్లు నిలిపే చోట ఇంకో షామియానా ఉంది. జనం కూర్చునే చోట ఏమీ లేదు. జూలియా షామియానా వాళ్లను అడిగితే, కారు సీట్లు కాలకూడదని పైనుంచి చెప్పారన్నారు. బంగారం తీసేశాక పోసిన సైనైడ్ దిబ్బల మీది బూడిద రంగు దుమ్ము గాలికి లేచి, ప్లాస్టిక్ కుర్చీల మీద పడుతోంది. తొమ్మిదిన్నరకే మూడు వందల మంది వచ్చేశారు. సగం మంది ముసలివాళ్లు. కొందరు పెళ్లికి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. ఇసబెల్లా చర్చికి కట్టుకునే తెల్లచీరలో వచ్చింది.

వేదిక నడిమధ్యలో ఎత్తు వీపు కుర్చీ ఒకటి, దాని మీద తువ్వాలు. దానికి అటూ ఇటూ నాలుగేసి మామూలు కుర్చీలు.

పది గంటల పది నిమిషాలకు మునీంద్ర కారు వచ్చి షామియానా కింద ఆగింది. ఆంజనప్ప పరుగెత్తి తలుపు తీయబోయాడు. అద్దం నాలుగు వేళ్ల మందం దిగింది.

"ఆయమ్మ వచ్చిందా?"

"ఇంకా లేదు సార్."

"వచ్చి కూచున్నాక చెప్పు. అప్పుడు దిగుతాను."

అందరికన్నా పెద్దవాడు అందరికన్నా చివర రావాలి. ఆయన రాగానే వేదిక మీదివాళ్లు లేచి నిలబడాలి. పదిన్నరకు నేత్రావతి కారు గ్రౌండు వరకూ వచ్చి, షామియానా కింద ఉన్న కారును చూసి, అవతలి వైపు, గనిలోకి దిగే పాత షాఫ్టు కంచె దగ్గర ఆగిపోయింది. అక్కడా అద్దం నాలుగు వేళ్లే దిగింది. అక్కడా అదే మాట.

రెండు కార్ల ఇంజన్లూ చల్లగాలి కోసం ఆడుతూనే ఉన్నాయి. ఆంజనప్ప గ్రౌండుకు అడ్డంగా ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ పరుగులు తీశాడు. జనం మొదట ఏదో కొలుస్తున్నాడనుకున్నారు. పదకొండున్నరకు ఆయన కూలబడి, "నావల్ల కాదు, నువ్వు పోయి చెప్పమ్మా," అన్నాడు.

జూలియా ముందు మునీంద్ర దగ్గరికి వెళ్లింది.

"సార్, పెద్దోళ్లు ఎండలో ఉండారు. మీరు దిగితే మొదలుపెట్టేస్తాము."

మునీంద్ర ఆమెను లోపలికి రమ్మనలేదు. ముఖం మాత్రం అద్దానికి దగ్గరగా తెచ్చాడు. బంగారుపేట వైపు మనిషి. కోపమొస్తే ఇంటి భాషే వస్తుంది.

"జూలియా, నేను నీ టేబులు దగ్గరనుంచే పైకి వచ్చినోణ్ణి. ఇరవై ఏండ్లు ఇట్లాంటి పిల్లోళ్లకి కుర్చీలు లాగి వేసినాను. వాళ్లు కాఫీ తాగి పెట్టిన కప్పులు తీసినాను. ఈ పొద్దు నా మండలిలో, నా ఫంక్షన్లో నేను పక్క కుర్చీలో కూచోవాల్నా? నువ్వే చెప్పు."

జూలియా గ్రౌండు దాటి అవతలి కారు దగ్గరికి నడిచింది. నేత్రావతి ఒళ్లో సీనియారిటీ పట్టీ నకలు పరుచుకుని కూర్చుంది. అప్పటికే పసుపు రంగు పెన్నుతో ఒక గీత గీసుకుంది.

"చూడండమ్మా, ఇది నేను రాసింది కాదు. నా పేరు పైన ఉండాది, ఆయన పేరు కింద ఉండాది. నేను ఒక తూరి వంగితే, రేపటినుంచి ప్రతి మీటింగులోనూ మూలకి నెడతారు. ఆడదాన్ని కదా, సర్దుకుంటుందిలే అంటారు. పదమూడేండ్లుగా సర్దుకోమనే చెప్తా ఉండారు."

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అదే జూలియాకు మరింత రోతనిపించింది. ఇద్దరూ తమకు జరిగిన అవమానాలన్నీ తడుముకుంటూ చల్లటి పెట్టెల్లో కూర్చున్నారు. ఆ అవమానాల బాకీ తీరడానికి ఈ మూడు వందల మంది ఎండాలి.

తిరిగి వస్తుంటే అమృతరాజు చేయి ఊపి పిలిచాడు. తలమీద తువ్వాలు కప్పుకున్నాడు. పెదాలు ఎండిపోయాయి. పక్కన కోడలు డయానా ఆయనకు కొంగుతో గాలి విసురుతోంది.

"ఏమిటికి బిడ్డా ఆలస్యం? కార్లు చెడిపోయినాయా?"

"లేదు మామా. ఎవురు ముందు దిగేదని."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అండర్‌గ్రౌండులో కూడా దొరలే ముందు కేజ్ ఎక్కి పైకి వచ్చేవాళ్లు. సరే, ఎక్కనీ అనుకుంటుంటిమి. కానీ సైరన్ కొడితే..." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "సైరన్ కొడితే దొరైనా సరే, దొరికిన కేజ్‌లో దూరాల్సిందే. ఈళ్లకి సైరన్ లేదా?"

అలా అన్న పావుగంటకే ఆయన కుర్చీలోంచి పక్కకు ఒరిగాడు. డయానా కేక వేసింది. జూలియా పరుగెత్తేసరికి ఆయన నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటున్నాడు. గోళ్లు నీలంగా మారాయి. ఆసుపత్రి అక్కడికి నాలుగు కిలోమీటర్లు. గ్రౌండులో ఇంజన్ నడుస్తున్న బండ్లు రెండే ఉన్నాయి.

ఆమె షామియానా వైపు పరుగెత్తింది.

"సార్, ఒకాయనకి ఊపిరి ఆడలేదు. కారు కావాల సార్, ఆసుపత్రికి. పది నిమిషాల్లో పంపించేస్తాము."

మునీంద్ర జనం వైపు చూశాడు. తలుపు పిడి మీద చేయి కూడా వేశాడు. తర్వాత గ్రౌండు అవతలి కారును చూశాడు. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఆయమ్మ కారు తీసుకోండి. నేను దిగితే ఈడ నిలబడుకోవాల్నా, ఆయమ్మ కార్లో కూచోని చూస్తావుంటే?"

జూలియా వెనక్కి తిరిగింది. అవతలికి పరుగెత్తింది. చెప్పులు జారిపోతే వదిలేసింది. నేత్రావతి మాట పూర్తిగా వినకుండానే డ్రైవరు వైపు తిరిగి, "అంబులెన్సుకి ఫోన్ చెయ్యి," అంది. తర్వాత జూలియాతో, "కమిషనర్ కారు దగ్గరగా ఉండాది కదా, వాళ్లనడగలేదా?" అంది.

"అడిగినాను మేడమ్. మీదానిలో పొమ్మన్నారు."

నేత్రావతి ముఖం బిగుసుకుంది. "అట్లన్నారా? అయితే నేనేల దిగాల?"

ఒక్క క్షణం జూలియాకు ఆ అద్దంలోంచి లోపలికి ఉమ్మేయాలనిపించింది. నోట్లోకి ఉమ్ము వచ్చింది కూడా. మింగింది. ఆ చేదు రుచి చాలా రోజులు నాలుక మీదే ఉన్నట్టుండేది.

అంబులెన్సు జాడ లేదు. చివరికి షామియానా కర్రలు తెచ్చిన గూడ్స్ ఆటో దొరికింది. తాళ్లూ గుడ్డలూ కిందికి తోసి, సెల్విన్, ఇంకో ఇద్దరు కలిసి అమృతరాజును దానిలో పడుకోబెట్టారు. డయానా ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. జూలియా ఉత్తకాళ్లతో వెనక పట్టుకుని నిలబడింది. ఆటో రెండు కార్ల మధ్య నుంచే రోడ్డెక్కింది. రెండు అద్దాలూ మూసే ఉన్నాయి.

ఆయన బతికాడు. ఇంకొక అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అంది. ముఖానికి ఆక్సిజన్ మాస్కు కట్టి పడుకోబెట్టాక, జూలియా మూడు గంటలకు గ్రౌండుకు తిరిగి వచ్చింది. షామియానా విప్పేస్తున్నారు. ఆంజనప్ప హక్కుపత్రాల ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"ఫంక్షన్ అయిపోయిందా సార్?"

"అయింది. బెంగళూరు నుంచి ఇద్దరికీ పైనుండే సార్ ఫోన్ చేసినాడు. సూపర్‌టైమ్ ఆయన. ఎత్తు కుర్చీలు రెండు వేయమన్నాడు. రెండు పక్కలా మెట్లు పెట్టించి, ఇద్దర్నీ ఒకేతూరి ఎక్కమన్నాడు. రెండో ఎత్తు కుర్చీకి బేకరీ వాళ్ల ఓనరు కుర్చీ తెచ్చినాము. నేను కింద నిలబడుకుని ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడితే ఎక్కినారు."

"పత్రాలు?"

ఆంజనప్ప తల వంచుకున్నాడు. "అయిదు మందికి ఇచ్చినారు. ఫోటోకి. పన్నెండు నిమిషాల్లో పూర్తి. మిగతావి ఇద్దరూ ఒప్పుకున్న తేదీలో ఇస్తారంట."

"ఇద్దరూ ఒప్పుకునేది ఎప్పుడు సార్?"

ఆయన పెట్టె మీంచి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నన్ను అడక్కు. ఇంటికి పోయి స్నానం చేస్తాను. ఒళ్లంతా ఏదో అంటుకున్నట్ల ఉండాది."

మర్నాడు ఉదయం జూలియా ఫైలు తీసి మరోసారి చదివింది. పత్రాల మీద సంతకాలున్నాయి, ముద్రలున్నాయి. పంపిణీ బాధ్యత అన్న చోట ఆమె పేరే ఉంది. వేదిక మీదే ఇవ్వాలని ఎక్కడా లేదు. ఆమె ఆంజనప్ప బల్ల ముందుకు వెళ్లి, "నేను లైన్లకి పోతా ఉండాను సార్, పెట్టెతో," అంది. ఆయన కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, "నేను చూడలేదు," అన్నాడు.

ఎదుటి బల్ల దగ్గర పనిచేసే తాయమ్మ వెంటనే లేచింది. "పెట్టె ఒకదానివే ఎట్ల మోస్తావక్కా, పా," అని ఒకవైపు పట్టుకుంది. తాయమ్మా ఆమే ఒకే పరీక్షలో గెలిచి, ఒకే రోజున ఉద్యోగంలో చేరారు. మధ్యాహ్నం డబ్బాలు కలిపి తింటారు.

రెండు రోజులు ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. తాయమ్మ పేరు పిలిచేది, జూలియా వేలిముద్రో సంతకమో తీసుకుని పత్రం చేతికిచ్చేది. కొందరు లోపలికి పిలిచి రాగిసంగటి పెట్టారు. ఇసబెల్లా తన పేరును వేలితో తడిమి తడిమి చూసి, "నేను ఒకదాన్నే కదా ఇప్పుడు?" అని అడిగింది. తాళం వేసిన ఇళ్లకు సాయంత్రం మళ్లీ వెళ్లారు. బేగి ముగించాలని తాయమ్మ పరుగులాంటి నడకతో ముందు పోతుంటే, ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లలో తను చేసిన పని ఇదొక్కటేనేమో అనిపించింది జూలియాకు.

అమృతరాజుకు ఆసుపత్రి మంచం మీదే ఇచ్చింది. ఆయన పత్రాన్ని దూరంగా పట్టుకుని, 'పురుషుడు' అన్న గడి వెతుక్కుని చూసుకున్నాడు. తర్వాత డయానాతో అన్నాడు. "రేకులోణ్ణి పిలువు. నేను ఇంటికి వచ్చేలోపల మార్చేయాల."

ఆయన ఆ కొత్త రేకుల కింద రెండు వానకాలాలు బతికాడు. రెండోది వెళ్లిపోయాక పోయాడు.

పత్రాలు పంచిన వారానికి జూలియాకు నోటీసు వచ్చింది. ఆమె మీద రెండు ఆరోపణలు. ఒకటి, కార్యక్రమం జరుగుతుండగా అనుమతి లేకుండా వెళ్లిపోయింది. రెండు, ఉన్నతాధికారుల చేతుల మీదుగా జరగాల్సిన పంపిణీ సొంతంగా చేసింది. నోటీసు మీద మునీంద్ర సంతకం ఉంది. నాలుగు రోజులకు అవే మాటలతో ఇంకో నోటీసు వచ్చింది. దాని మీద నేత్రావతి సంతకం ఉంది. మొదటి నోటీసు ఇచ్చే అధికారం కమిషనర్‌కు లేదని, కార్యక్రమం ఉమ్మడిది కాబట్టి ఇద్దరిలో సీనియర్‌దే ఆ అధికారమని అందులో ఒక పేరా ఎక్కువ ఉంది.

జూలియా రెండింటికీ ఒకే జవాబు రాసింది. ఏం జరిగిందో వరసగా రాసింది. కారు అడిగింది రాసింది, ఎవరేమన్నారో రాసింది. ఎక్కడా క్షమించమని అడగలేదు. ఉద్యోగం పోతుందనుకుని నెలరోజులు నిద్రపట్టలేదు. కానీ ఆ జవాబు ఎవరూ చదవలేదు. విచారణ ఎవరు జరపాలన్న ప్రశ్న మీద ఫైలు కమిషనర్ నుంచి డైరెక్టర్‌కు, డైరెక్టర్ నుంచి కమిషనర్‌కు, అక్కడి నుంచి బెంగళూరుకు వెళ్లింది. కలిసి సంతకం పెట్టమని పైవాళ్లు రాశారు. ముందు ఎవరి సంతకం ఉండాలని కిందివాళ్లు రాశారు. పదినెలలకు ఇద్దరికీ బదిలీ అయింది. మునీంద్ర వెళ్లేటప్పుడు గంధపు దండ వేశారు. నేత్రావతికి పట్టుశాలువా కప్పారు. జూలియా రెండు సభల్లోనూ వెనక వరసలో నిలబడి, చప్పట్లు కొట్టకుండా చేతులు కట్టుకుంది. ఫైలు ఇప్పటికీ ఏదో బీరువాలో ఉంది.

అంతటితో ఆ రోత వదిలిందనే అనుకుంది.

తర్వాతి సంవత్సరం ప్రమోషన్ల కోసం గ్రూప్ సి సీనియారిటీ పట్టీ చిత్తు ప్రతి వచ్చింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలి. జూలియా వేలితో కిందికి జరుపుకుంటూ వచ్చింది. పదమూడు, తాయమ్మ. పద్నాలుగు, జూలియా. ఒకే రోజు చేరినవాళ్లకు పరీక్షలో వచ్చిన ర్యాంకు చూడాలి. తన ర్యాంకు తాయమ్మ కన్నా ఆరు మెట్లు పైన. ఎవరో చేరిన రోజు సంతకాల వరస చూసి తాయమ్మను ముందు వేశారు. తప్పు స్పష్టంగా ఉంది.

కాగితం తీసుకుంది. నియమం సంఖ్య, ఉత్తర్వు తేదీ, ర్యాంకు పత్రం నకలు, అన్నీ చూడకుండానే గుర్తొచ్చాయి. పెన్ను ఎక్కడా ఆగలేదు. పేజీ నిండింది. ఇంత బాగా తనెప్పుడూ రాయలేదనుకుంది. మొదటి నుంచి చదువుకుంటూ వస్తే, 'నాకంటే తక్కువ స్థాయి అభ్యర్థి' అన్న మాట తగిలింది. అది తాయమ్మ గురించి.

"ఏమి రాస్తా ఉండావక్కా అంత గమనంగా?" ఎదుటి బల్ల నుంచి తాయమ్మ అడిగింది. డబ్బా మూత తీస్తోంది.

జూలియా చేయి తనంతట తానే కాగితాన్ని కప్పేసింది. అలా కప్పుకున్న తన చేతిని చూసుకుంది. దాచిపెట్టడం ఇంకా నీచంగా తోచి, కాగితం తీసి తాయమ్మకు ఇచ్చింది.

తాయమ్మ నిదానంగా, పెదాలు కదుపుతూ మొత్తం చదివింది. ఆ మాట దగ్గర కొంచెం ఆగినట్టనిపించింది.

"సరిగానే ఉండాది. ర్యాంకు నీదే ముందు. ఇచ్చెయ్యి."

"తాయమ్మా, ఆ మాట కొట్టేస్తాను. రూలు కోసం రాసినాను గానీ..."

"ఏమిటికి కొట్టేది? అది ఉంటేనే నిలబడతాది," అని కాగితం తిరిగి ఇచ్చి, డబ్బాలోని చిత్రాన్నం సగం జూలియా మూతలోకి వంచింది. ఇద్దరూ తిన్నారు. జూలియా కాగితాన్ని సొరుగులో పెట్టింది. అయినా గడువు ఆఖరి రోజున ఆ కాగితాన్ని ఇచ్చేసింది. ఇవ్వకపోతే నష్టపోయేది తానొక్కతే కదా అనీ, నియమం నియమమే కదా అనీ తనకు తాను చెప్పుకుంది. ఇవే మాటలు రెండు కారు అద్దాల్లోంచి విన్నానని తెలిసి కూడా చెప్పుకుంది.

నెలకు తుది పట్టీ వచ్చింది. పదమూడు జూలియా, పద్నాలుగు తాయమ్మ. ఆంజనప్ప వచ్చి అభినందించాడు. తాయమ్మ లేచి వచ్చి చేయి కలిపింది. ముఖంలో కోపం లేదు.

"కంగ్రాట్స్ మేడమ్," అంది.